పుట్టుకతో వచ్చిన జుట్టు తప్పవుతుందా?

2021 మార్చిలో ఘనా రాజధాని అక్రాలోని అచిమోటా స్కూల్ ఇద్దరు అబ్బాయిలకు సీటు వచ్చినా చేర్చుకోలేదు. మార్కులు తక్కువై కాదు, ఫీజు కట్టలేక కాదు. వాళ్ల తలల మీద జటలున్నాయి. కత్తిరించుకుని వస్తే చేర్చుకుంటామంది యాజమాన్యం. ఆ పిల్లలిద్దరూ రాస్తఫారీ మతానికి చెందినవారు. వాళ్ల దృష్టిలో జుట్టు కత్తిరించుకోవడం అంటే మొక్కు తప్పడం. వ్యవహారం హైకోర్టుకెక్కింది. మే 31న కోర్టు పిల్లల పక్షాన నిలిచి, వాళ్లను చేర్చుకోవాల్సిందేనని తీర్పు చెప్పింది.

ఇది తెల్లవాళ్ల దేశంలో జరిగిన సంగతి కాదు. ఆఫ్రికా గడ్డ మీద, ఆఫ్రికన్లే నడుపుతున్న బడిలో, ఆఫ్రికన్ పిల్లల తలపై సహజంగా పెరిగిన జుట్టు గురించి వచ్చిన తగవు. బ్రిటిష్ వలస పాలనలో, 1927లో లాంఛనంగా ప్రారంభమైన బడి అది.

శరీరం దేవుడిచ్చిందని చాలా మతాలు చెబుతాయి. మరి ఆ శరీరం మనిషికి జాగ్రత్తగా చూసుకోమని చేసిన అప్పగింతా, దిద్దుకోమని ఇచ్చిన ముడిసరుకా? బిగుతైన ఉంగరాలుగా చుట్టుకునే జుట్టు ఉన్న కోట్ల మంది ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాదు, అద్దం ముందు, దువ్వెన చేత పట్టుకుని ఎదుర్కొంటున్నారు. అందుకే జవాబు వెతకడం కూడా అక్కడినుంచే మొదలవ్వాలి.

అమెరికాలోని నల్లజాతి ఇళ్లలో ‘వాష్ డే’ అంటే తలంటు రోజు. వారానికో, రెండు వారాలకో ఒకసారి వస్తుంది. అమ్మ కుర్చీలో కూర్చుంటే, కూతురు ఆమె మోకాళ్ల మధ్య కింద కూర్చుంటుంది. అమ్మ జుట్టును నాలుగు పాయలు చేసి, మూడింటికి క్లిప్పులు పెట్టి, నాలుగోదానితో పని మొదలుపెడుతుంది. పొడిగా ఉండగా దువ్వెన పెడితే ఆ జుట్టు పుటుక్కున తెగుతుంది. కాబట్టి ముందు నీళ్లు చల్లి తడిపి, కండిషనర్ దండిగా పట్టించి, వేళ్లతోనే చిక్కులు వెతుకుతుంది. వేలికి ముడి తగిలితే లాగదు. మాడుకు లాగుడు తెలియకుండా ముడికి పైన పాయను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో వెంట్రుకనూ ముడిలోంచి తప్పిస్తుంది. వెడల్పు పళ్ల దువ్వెన వంతు ఆ తర్వాతే. అదీ కొసల దగ్గర మొదలై, కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ చివరికి కుదుళ్లకు చేరాలి. కుదుళ్ల నుంచి కిందికి లాగితే దారిలోని చిక్కులన్నీ ఒకచోటికి చేరి బిగుసుకుంటాయి. చిక్కు వదిలిన పాయను వదులుగా మెలిపెట్టి పక్కనుంచి, రెండో పాయ అందుకుంటుంది. జుట్టు ఒత్తుగా ఉంటే మొత్తం పని ముగిసేసరికి గంటలు గడుస్తాయి.

తర్వాత తేమ సంగతి. నూనె రాస్తే జుట్టుకు తేమ వస్తుందనుకుంటారు చాలామంది. తేమనిచ్చేది నీరే. నూనె, వెన్న చేసే పని ఆ నీటిని పోనివ్వకుండా పట్టి ఉంచడం. అందుకే తల ఇంకా తడిగా ఉండగానే కడగకుండా వదిలేసే కండిషనర్, దానిపై నూనె, ఆపై చిక్కటి క్రీము వరుసగా పట్టిస్తారు. పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా ఈ పని చేస్తున్నది షియా గింజల నుంచి తీసే వెన్న. రాత్రి సాటిన్ టోపీ పెట్టుకుని పడుకుంటారు. నూలు దిండు గలీబు తేమను పీల్చేస్తుంది, దానికి రాసుకుని జుట్టు తెగుతుంది కూడా.

ఈ జుట్టుకు ఇంత జాగ్రత్త ఎందుకు? జవాబు దాని ఆకారంలోనే ఉంది. నిటారు జుట్టును అడ్డంగా కోసి చూస్తే ఇంచుమించు గుండ్రంగా కనిపిస్తుంది. బిగుతు ఉంగరాల జుట్టు నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. అది పుట్టే కుదురే వంపు తిరిగి ఉంటుంది. మాడు మీద ఊరే సహజమైన నూనె నిటారు వెంట్రుక మీదుగా సులువుగా జారుతుంది. ఇక్కడ మాత్రం ప్రతి మెలిక దగ్గరా ఆగిపోతుంది. అందుకే కొసలు ఎండిపోతాయి. ప్రతి వంపూ వెంట్రుక తెగడానికి అనువైన చోటే. దక్షిణాఫ్రికా చర్మవైద్యురాలు నొన్‌హ్లాన్హ్లా ఖుమాలో, ఆమె సహచరులు 2000లో ఆఫ్రికన్ల జుట్టును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించి, అందులో ముడులూ విరిగిన కొసలూ ఎక్కువని చూపించారు. ‘నల్లవాళ్ల జుట్టు పెరగదు’ అన్న మాటకు ఆధారం లేదు. అది పెరుగుతుంది. సరిగా చూసుకోకపోతే పెరిగినంతా తెగిపోతుంది.

ఆ ఆకారం పొరపాటున వచ్చిందీ కాదు. 2023లో టీనా లసీసీ, నీనా జబ్లాన్‌స్కీ తదితరులు వేడిని కొలిచే బొమ్మ తలకు రకరకాల విగ్గులు తొడిగి పరీక్షించారు. ఎండ వేడి మాడుకు సోకకుండా అన్నిటికన్నా బాగా కాపాడింది బిగుతు ఉంగరాల జుట్టే. నెత్తిన సూర్యుడుండే నేల మీద మనిషి మెదడును చల్లగా ఉంచడానికి ఇది పనికొచ్చి ఉంటుందని వాళ్ల అంచనా.

అయినా శతాబ్దాలపాటు ఈ జుట్టు ఒక నేరంలాగే బతికింది. బానిసలను ఓడలెక్కించే ముందు తలలు గొరిగేవారు. తోటల్లో వారమంతా చాకిరీ. తల దువ్వుకోవడానికి దొరికేది ఆదివారమే. తమ దువ్వెనలు లేక గొర్రె ఉన్ని చిక్కు తీసే పనిముట్లతో తల దువ్వుకున్నవాళ్లున్నారు. ప్రభువు దినం తల సంరక్షణ దినం కూడా అయింది. 1786లో లూసియానా గవర్నర్ ఎస్తెబాన్ మీరో నల్లజాతి స్త్రీలు జుట్టు కనిపించకుండా తలగుడ్డ కట్టుకోవాలని శాసించాడు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలనలో జాతి తేల్చలేని చోట జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. జారి పడితే ఒక జాతి, నిలిచిపోతే మరో జాతి. ఎక్కడ నివసించాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నవన్నీ ఆ పెన్సిల్‌తో ముడిపడి ఉండేవి.

బయటివాళ్ల తీర్పు మెల్లగా ఇంటి లోపలికీ వచ్చింది. అమెరికా నల్లజాతి నేత మాల్కమ్ ఎక్స్ కుర్రతనంలో బంగాళదుంప, గుడ్లు, క్షారం కలిపిన ముద్దను తలకు పట్టించుకుని జుట్టు నిటారుగా చేయించుకున్నాడు. మాడు మండిపోయింది. తర్వాత ఆత్మకథలో ఆ రోజును తలచుకుంటూ, తనను తాను కించపరచుకోవడంలో అది తన మొదటి పెద్ద అడుగని తేల్చాడు. క్షారం అంటే సోడియం హైడ్రాక్సైడ్, సబ్బు తయారీలో వాడేదే. అది వెంట్రుక లోపలి గంధకపు బంధాలను తెంచేస్తుంది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. జుట్టును నిటారుగా చేసే రసాయనాలను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించింది. రసాయనమే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు. కానీ భయపడడానికి తగిన సంబంధాన్ని చూపింది.

అలాగని జుట్టు నిటారుగా చేయించుకున్న ప్రతి స్త్రీ తనను తాను ద్వేషించుకుందనడం అన్యాయం. మేడమ్ సి.జె.వాకర్‌ను చూడండి. 1867లో లూసియానాలో, అంతకుముందు బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టింది. సెయింట్ లూయిస్‌లో బట్టలుతికి పొట్ట పోసుకుంది. జుట్టు రాలుతుంటే మందు వెతుక్కుని, తలనూనెల వ్యాపారం పెట్టింది. 1919లో చనిపోయేనాటికి ఆమె కింద పనిచేసే నల్లజాతి స్త్రీలు వేలల్లో ఉన్నారు. తన సరుకు జుట్టును నిటారు చేయడానికి కాదు, మాడు ఆరోగ్యానికని ఆమె పట్టుబట్టేది. విమర్శకులు ఒప్పుకోలేదు. కానీ తెల్లవారి వంటింట్లో కాకుండా సొంత సంపాదనతో బతకడం నేర్చుకున్న ఆ స్త్రీల ఆత్మగౌరవాన్ని ఏ తూకంతో కాదనగలం?

మతాలు ఏమంటున్నాయి? నైజీరియాలోని యోరుబాలకు తల, అంటే ‘ఓరి’, మనిషి విధికి నిలయం. పుట్టకముందు పరలోకంలో అజాలా అనే శిల్పి చేసిన తలల్లోంచి ప్రతివాడూ ఒకటి ఎంచుకుని భూమికి వస్తాడని వాళ్ల నమ్మకం. అందుకే తల దువ్వి అల్లడం గౌరవమైన పని. అదే యోరుబాల్లో కొందరు పిల్లలకు చిన్నప్పటినుంచే జుట్టు దానంతటదే జటలు కడుతుంది. వాళ్లను ‘దాదా’ అంటారు, దైవానుగ్రహం పొందినవారిగా చూస్తారు. వాళ్ల తలకు దువ్వెన పెట్టరు. శివుడి జటాజూటం తెలిసిన తెలుగువారికి ఇది కొత్త కాదు. ఒకే సంప్రదాయం ఒక తలను దువ్వమంటుంది, మరో తలను ముట్టుకోవద్దంటుంది. రెండుచోట్లా ఆధారం ఒకటే. ఆ తల ఎలాంటిదో ముందు తెలుసుకోవాలి.

రాస్తఫారీలది మరో దారి. 1930లో హైలే సెలాసీ ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యాక జమైకాలో పుట్టిన మతం ఇది. బైబిల్ సంఖ్యాకాండంలోని నాజీరు వ్రతం వాళ్లకు ఆధారం. వ్రతం పట్టినవాడి తలకు మంగలికత్తి తగలకూడదు. ఈ నమ్మకానికి వాళ్లు చెల్లించిన మూల్యం పెద్దది. 1963లో కోరల్ గార్డెన్స్ అల్లర్ల తర్వాత జమైకా పోలీసులు రాస్తఫారీలను పట్టుకుని కొట్టారు, జటలు కోసేశారు. 2017లో గానీ ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పలేదు. అయినా రాస్తఫారీల్లోనే ‘ట్వెల్వ్ ట్రైబ్స్ ఆఫ్ ఇజ్రాయెల్’ అనే శాఖ జటలు తప్పనిసరి అనదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే ఆ శాఖవాడే. ఆయన జటలు ఆయన ఎంచుకున్నవి.

ఇక్కడే తిరుమల గుర్తుకు రావాలి. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చే భక్తుడు అందం మీది మమకారాన్ని స్వామికి సమర్పిస్తున్నాననుకుంటాడు. నీలాదేవి తన కురులు స్వామికి ఇచ్చిన కథ తెలుగు ఇళ్లలో తెలియనివారుండరు. ఆ జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. అందులో పొడవైనది విగ్గులుగా, సవరాలుగా మారి దేశదేశాలకు చేరుతుంది. కొనేవారిలో తమ ఉంగరాల జుట్టు దాచుకోవాల్సి వచ్చిన అమెరికా నల్లజాతి స్త్రీలు ఎందరో. అమెరికా హాస్యనటుడు క్రిస్ రాక్ 2009 నాటి ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ ఈ దారినే వెతుక్కుంటూ భారతదేశం వచ్చింది. ఒకరు స్వామికి వదిలేసుకున్నది మరొకరికి ఉద్యోగానికి వేసుకెళ్లే ముసుగు అయింది.

తిరుమలలో క్షురకుడు చేసేదీ తల గొరగడమే. 2020లో లూసియానా జైల్లో డేమన్ లాండర్ అనే రాస్తఫారీ ఖైదీని సిబ్బంది పట్టి ఉంచి, దాదాపు ఇరవై ఏళ్లుగా పెంచిన జటలను తీసేసి చేసిందీ తల గొరగడమే. జుట్టు తీయడం తప్పని చెప్పిన కోర్టు తీర్పు ప్రతిని అతడు చూపించినా వినలేదు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదటిచోట అది పూజ, రెండోచోట దౌర్జన్యం. తలపై హక్కు ఎవరిదో తేలితే తప్ప అది పూజో, వ్రతమో, అలంకారమో చెప్పలేం. ఇవ్వడానికైనా, ఉంచుకోవడానికైనా, మార్చుకోవడానికైనా ముందు ఆ తల ఆ మనిషిది కావాలి.

కాబట్టి జవాబు స్పష్టమే. శరీరం అప్పగింత. దాన్ని దాని స్వభావం తెలుసుకుని చూసుకోవడం ధర్మం. దాన్ని ఇష్టపడి మార్చుకునే స్వేచ్ఛ ఆ మనిషికి ఉంటుంది. మార్చుకోకపోతే బడిలో చోటుండదు, ఉద్యోగం రాదు అని బెదిరించే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో 2019లో కాలిఫోర్నియా, తర్వాత మరెన్నో రాష్ట్రాలు ఆఫ్రో, జడలు, జటల పేరిట వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ ‘క్రౌన్’ చట్టం తెచ్చాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో అది 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. హైదరాబాద్‌లోనూ నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మోసే ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా సంతతి సిద్దీల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆఫ్రికా దేశాల విద్యార్థులు నగరంలోని విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చున్న తెలుగువారు, ఇల్లు అద్దెకిచ్చే తెలుగువారు, పక్క బెంచీలో కూర్చునే తెలుగు పిల్లలు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ జుట్టును చూసి శుభ్రత మీద తీర్పు చెప్పకండి. వింతగా ఉందని అడగకుండా చెయ్యి పెట్టకండి. మీ ఆఫీసులో, మీ బడిలో ‘నీటుగా ఉండాలి’ అనే నియమం ఉంటే, అది ఎవరి జుట్టును కొలతగా పెట్టుకుని రాశారో ఈ వారమే తీసి చదవండి.