సభ పుస్తకంలో తాత

తొలినాటి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు సమాధుల మీద రాళ్ళు పెట్టేవారు కాదు. పోయాక కూడా ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనిపించుకోవడమెందుకని. బాప్తిస్మాలు లేవు కనుక ఊరి చర్చి రిజిస్టరులోనూ వాళ్ళ బిడ్డల పేర్లు ఉండవు. ఇలాంటివాళ్ళ పూర్వీకుల్ని ఎక్కడని వెతకడం? వాళ్ళు నెలనెలా జరుపుకున్న సభల మినిట్స్‌లో. తాతల తప్పుల్ని అంత ఓపిగ్గా రాసిపెట్టుకున్న మనుషులు అరుదు.

ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతపు బ్రాడ్‌నించ్ నుంచి జార్జ్ బూన్ అనే నేతగాడు 1717లో సంసారంతో సహా ఫిలడెల్ఫియా చేరాడు. పెద్దపిల్లలు ముగ్గుర్నీ ముందే పంపి, ఆ దేశం ఎలాంటిదో కనుక్కున్న జాగ్రత్తపరుడు. కలంప్టన్ సభవారు ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం వెంట తెచ్చుకున్నాడు. పెన్సిల్వేనియాలోని గ్వినెడ్ సభ దాన్ని చదివించుకుని అతన్ని కలుపుకుంది. ఆ ఒక్క కాగితంతో ఇప్పటి మునిమనవలకు తమ ఊరు దొరికిపోతుంది. తేదీలే కాస్త చిక్కు: నెలల పేర్లలో అన్యదేవతలున్నారని క్వేకర్లు అంకెలే వాడేవారు, 1752 దాకా వాళ్ళ ఒకటో నెల మార్చి.

మూడేళ్ళు తిరక్కుండానే, 1720లో, అదే జార్జ్ సభ ముందు నిలబడ్డాడు. కూతురు క్వేకరు కాని బయటి కుర్రవాణ్ణి పెళ్ళాడటానికి తొందరపడి సరేనన్నానని ఒప్పుకున్నాడు. 1742లో అతని కొడుకు స్క్వైర్ వంతు, అదే నేరం: కూతురు బయటివాణ్ణి చేసుకుంది. అతనూ తలవంచాడు. తర్వాత కొడుకు ఇజ్రాయెల్ బయటి పిల్లను చేసుకున్నప్పుడు మాత్రం స్క్వైర్ వంగలేదు. 1748లో సభ అతన్ని వెలివేసింది.

దీన్ని తండ్రీకొడుకుల స్వభావభేదమని సరిపెట్టుకోలేను. ఇంగ్లండ్‌లో క్వేకర్ల సభల్ని నిషేధించిన 1662 నాటి చట్టం తర్వాత క్వేకర్లు వేల సంఖ్యలో జైళ్ళు చూశారు. బయట దెబ్బలు తినేవాళ్ళకు లోపలి కట్టుబాటు బరువనిపించదు, అదే ఆసరా. పెన్సిల్వేనియాలో కొట్టేవాళ్ళు లేరు. పక్క పొలంలో మంచి మనుషులున్నారు, వాళ్ళకు ఈడొచ్చిన పిల్లలున్నారు. మనస్సాక్షి మీద ఎవరి పెత్తనమూ ఉండకూడదని సముద్రం దాటొచ్చినవాళ్ళు, స్క్వైర్ మనస్సాక్షి తమ మాట కూడా వినదని ఊహించి ఉండరు. సభ తప్పు చేసిందనే నా అభిప్రాయం. కానీ ఆ తప్పును కూడా అదే పుస్తకంలో రాసుకుంది, మనకు తెలిసిందంటే అందుకే.

1750లో ఆ కుటుంబం నార్త్ కెరొలైనా వైపు కదిలింది. స్క్వైర్ భార్య సారాకు వెలి లేదు. కొత్తచోటి సభల్లో చూపించుకోవడానికి తనకూ పిల్లలకూ పత్రం అడిగి మరీ తీసుకుంది. భర్త బయట, ఆమె లోపల, ప్రయాణం కలిసే. వాళ్ళ కొడుకు డేనియల్ తర్వాత కెంటకీ దారులు తెరిచి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అతని గురించి రాసేవాళ్ళకు కొదవ లేదు. నాకు ఈ తల్లి సంగతే ఆసక్తి.

మాక్స్‌విల్ దగ్గర జోపా శ్మశానంలో భార్యాభర్తలిద్దరికీ రాళ్ళున్నాయి. స్క్వైర్ రాయి మీద పేరూ వయసూ చెక్కారు. చనిపోయింది 1765. నెలకు అంకె వెయ్యలేదు, అక్షరాల్లో తప్పులు పోయినా సరే, జనవరి అనే రాశారు.