ప్రాణహిత పుష్కరం: కదిలే భూమి మీద ‘ఇక్కడ’, ‘ఇప్పుడు’

పుష్కర స్నానానికి నీళ్లలో దిగే ముందు సంకల్పం చెప్పుకోవాలి. మేరువుకు దక్షిణాన, భరతఖండంలో, శ్రీశైలానికి ఫలానా దిక్కున అని చోటు చెబుతారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి అని కాలం చెబుతారు. ఆ తర్వాతే గోత్రమూ పేరూ. నేల నిలకడగా ఉంటుందన్న నమ్మకం మీద ఆధారపడ్డ మాటలేనా ఇవి? భూమి తిరుగుతోందని తెలిశాక ఆ ‘ఇక్కడ’కూ ‘ఇప్పుడు’కూ అర్థం ఏం మిగులుతుంది?

అల్లపల్లి, సిరొంచ ప్రాంతపు తెలుగువారికి ఈ ప్రశ్న ప్రాణహిత గట్టు మీదే ఎదురవుతుంది. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి. అది సిరొంచను ఒరుసుకుంటూ వచ్చి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. సిరొంచ గోదావరికి ఉత్తరపు గట్టున ఉంది. అందుకే పురోహితుల నోట నానిన ‘కృష్ణా గోదావరుల నడుమ’ అన్న మాట ఇక్కడ చెల్లదు. శ్రీశైలానికి ఈశాన్యం అన్నది మాత్రం స్థూలంగా సరిపోతుంది.

ముందు కాలం సంగతి. గురుడు ఏ రాశిలో అడుగుపెడితే ఆ రాశికి చెందిన నదికి పుష్కరం. మీనం ప్రాణహితది. 2022లో ఏప్రిల్ 13న గురుడు మీనంలో ప్రవేశించాడు, 24 దాకా పన్నెండు రోజులు స్నానాలు జరిగాయి. అంతకు ముందటి పుష్కరం 2010 డిసెంబరు 6న మొదలైంది. నిజానికి ఆ ఏడు మే నెల మొదట్లోనే గురుడు మీనంలోకి వచ్చాడు. తర్వాత వక్రించి నవంబరులో కుంభానికి వెనక్కి వెళ్లి, డిసెంబరులో మళ్లీ వచ్చాడు. ఈ వక్రగతి గురుడిది కాదు. గురుడు సెకనుకు సుమారు 13 కిలోమీటర్లు నడుస్తుంటే, లోపలి కక్ష్యలో భూమి 30 కిలోమీటర్ల వేగంతో అతణ్ని దాటిపోతుంది. దాటే ఆ నాలుగు నెలలూ అతడు వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు. అంటే గట్టు మీద నిలబడి లెక్కపెట్టింది గురుడి నడకనే అయినా, అందులో భూమి నడక కూడా కలిసే ఉంది.

ఇంకో మెలిక అయనాంశది. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టుగా ఊగుతుంది. అందువల్ల విషువత్తు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. ఇప్పటికి పోగుపడిన ఆ తేడాయే అయనాంశ, సుమారు 24 డిగ్రీలు. విషువత్తు నుంచే రాశులు లెక్కించే పాశ్చాత్యుల సాయన పద్ధతిలో గురుడు 2021 డిసెంబరు చివరకే మీనంలో ఉన్నాడు. కాబట్టి పుష్కరం ఆకాశం దానంతటది ప్రకటించే ముహూర్తం కాదు. రాశిచక్రాన్ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలన్న ఒప్పందం అందులో ఉంది.

భూభ్రమణం మన శాస్త్రానికి కొత్త కాదు. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు దాన్ని చెప్పాడు: పడవలో ముందుకు సాగేవాడికి గట్టు మీది కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టే, భూమి మీదివారికి నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు తోస్తాయి. ఆ వెంటనే ప్రవహమనే వాయువు నక్షత్రాలను తిప్పుతుందనీ అన్నాడు. వ్యాఖ్యాతలు చాలామంది రెండో మాటను పట్టుకుని మొదటిదాన్ని సర్దేశారు. వరాహమిహిరుడి అభ్యంతరం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. భూమి తిరిగితే ఎగిరిన డేగ తిరిగి గూటికి ఎలా చేరుతుంది? అల్లపల్లి ఉన్న అక్షాంశంలో నేల గంటకు సుమారు 1,570 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. డేగా, గూడూ, గాలీ కలిసే పోతున్నాయి, అందుకే తెలియదు. తెలియాలంటే 1851లో ఫుకో పారిస్‌లో వేలాడదీసినట్టు పొడవాటి లోలకం కావాలి. అల్లపల్లిలో వేలాడదీస్తే అది ఊగే దిశ ఒక చుట్టు తిరగడానికి 72 గంటలు పడుతుంది.

ఇక చోటు. ప్రాణహిత, గోదావరి పారే ఈ పల్లపు దారి నది తవ్వుకున్నది మాత్రమే కాదు. కోట్ల ఏళ్ల కింద ఇక్కడ భూపటలం చీలి కుంగింది. ఆ గుంటలో గోండ్వానా శిలలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. సిరొంచ దగ్గరి పోచంపల్లిలో 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు భారీ డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. 1975లో ఆ డైనోసార్‌కు బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఆ జంతువు తిరిగిన నాడు ఈ నేల భూమధ్యరేఖకు దక్షిణాన, అంటార్కిటికాతోనూ ఆఫ్రికాతోనూ అంటుకుని ఉండేది. సంకల్పంలోని భరతఖండం అప్పటికి ఆసియా పక్కకే రాలేదు.

పటలం కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న ప్రావారం ఘనపదార్థమే, అయినా వేడికి చాలా మెల్లగా పారుతుంది. దాని కింద కరిగిన ఇనుము, నడిమధ్యన మళ్లీ గట్టి ఇనుము. ప్రావారపు ఆ పారుదలలో భాగంగానే భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. పుష్కరానికీ పుష్కరానికీ మధ్య సిరొంచ ఘాటు అరమీటరు పైనే జరుగుతుంది. అయితే నదీ, శ్రీశైలమూ, స్నానం చేసేవాడూ ఒకే ఫలకం మీద జరుగుతున్నారు కనుక సంకల్పంలో చెప్పిన దిక్కు చెడదు. ఆ మంత్రం విశ్వంలో కదలని బిందువును చూపడం లేదు. తెలిసిన కొండకూ తెలిసిన నదికీ మనిషి ఎటు నిలబడ్డాడో చెబుతోంది. భూమి ఆదిశేషుడి తల మీద కదలకుండా ఉందన్న పురాణ వర్ణన తప్పినా ఈ సంబంధాలు తప్పవు. పుష్కరం భూమి నిశ్చలమని రుజువు చేస్తుందనేవారూ, భూమి కదులుతుంది కాబట్టి పుష్కరం అర్థం లేనిదనేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు: సంకల్పం అడగని స్థిరత్వాన్ని దానికి అంటగడుతున్నారు. స్నానంతో పుణ్యం వస్తుందా రాదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని భూగోళశాస్త్రం తేల్చలేదు.