వృద్ధుల నడక చొప్పున

వయసు మళ్లిన తలిదండ్రులను తక్కువ ఖర్చుతో పరదేశమునకు తీసికొనిపోవుట మేలా, కీడా? ఈ ప్రశ్న పట్టణములలోని కలిగినవారి యిండ్లలోనే గాక, మన పల్లెలలోను ఇప్పుడు పుట్టుచున్నది. కుమారుడు గల్ఫు దేశములో చెమటోడ్చి నాలుగు రాళ్లు వెనుకవేయును. కుమార్తె నర్సు పని చేసి కూడబెట్టును. అమ్మకును నాయనకును ఒక్కసారి యెరూషలేము చూపవలెనని వారి ఆశ. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలలోపు గల క్రైస్తవ యాత్రికులకిచ్చు సహాయమును 40,000 నుండి 60,000 రూపాయలకు పెంచినది. 2023 అక్టోబరులో యుద్ధము వచ్చినప్పుడు అనేకుల యాత్రలు నిలిచిపోయినవి. అయినను, దారి తెరచినప్పుడెల్ల ఆశ మరల చిగురించును.

ఆశ మంచిదే. అయితే, ప్రియ చదువరులారా, ఆ యాత్ర ఎవరిది? తలిదండ్రులదా, మనదా?

చవక అనునది ఊరక రాదు. దాని వెల ఎవరో ఒకరు చెల్లింపవలెను. చవక టిక్కెట్టనగా రెండు చోట్ల విమానము మారుట, నడిరేయి కుర్చీలో కూర్చుండి జాగరము చేయుట. చవక బస యనగా పలుమారు లిఫ్టు లేని మూడవ అంతస్తు. చవక యాత్ర యనగా పది దినములలో మూడు దేశములు, తెల్లవారకముందే బస్సు. పాతికేండ్ల వానికి ఇది అలసట మాత్రమే. చక్కెర వ్యాధియు మోకాళ్ల నొప్పియు గల తల్లికో, మనము మిగిల్చిన ప్రతి రూపాయి ఆమె కాళ్లలోనుండి తీసినదే.

సీనాయి కొండ ఎత్తు 2,285 మీటర్లు. సూర్యోదయము చూచుటకై యాత్రికులు రాత్రివేళ దానిని ఎక్కుదురు. ఒంటె మీద చాల దూరము పోవచ్చును గాని, చివరి 750 మెట్లు నడిచియే ఎక్కవలెను. బేత్లెహేములోని జనన దేవాలయపు ద్వారము సుమారు 4 అడుగుల ఎత్తు గలది. నడుము పట్టిన తాతకు అందులో దూరుట కష్టము. గుంపు ముందుకు సాగిపోవును, ముసలివాడు వెనుకబడును, "త్వరగా రా నాయనా" అని కుమారుడు కసరుకొనును. పరిశుద్ధ స్థలములోనే ఆ తండ్రి తన బిడ్డకు భారమైతినని తలవంచుకొనును. ఇది సన్మానమగునా?

అట్లయిన బీదవారు తలిదండ్రులతో ప్రయాణమే చేయరాదా? చేయవచ్చును. యాకోబు 130 ఏండ్ల వృద్ధుడై ఐగుప్తునకు వెళ్లెను. యోసేపు బ్రతికియున్నాడని కుమారులు చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. తన్ను ఎక్కించుకొనిపోవుటకు వచ్చిన బండ్లను చూచినప్పుడు ఆయన ప్రాణము తెప్పరిల్లెను. వృద్ధునికి ప్రేమ మాటలలోకంటె బండిలో స్పష్టముగా కనబడును.

పొదుపు పాపము కాదు. మన సుఖములో పొదుపు చేయుదము గాని వారి విశ్రాంతిలో చేయకుందము. ఆరు స్థలములకు బదులు రెండే చూడుడి. బజారు వస్తువులు మానుడి. ఆ సొమ్ముతో క్రింది అంతస్తులో గది తీసికొనుడి. 48 గంటల ముందుగా తెలిపినయెడల విమానమువారు చక్రాల కుర్చీ ఏర్పాటు చేయుదురు. అది అడుగుటకు సిగ్గుపడకుడి. మందులను వైద్యుని చీటీతోకూడ చేతిసంచిలోనే ఉంచుడి. ప్రయాణపు భీమా కాగితములో పాత జబ్బులకు చెల్లింపు కలదో లేదో ముందే చదివించుకొనుడి. ఏశావు కలిసి పోదము రమ్మన్నప్పుడు, పిల్లలును మందలును నడువగలిగినంత మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పెను. బలహీనుని నడకయే గుంపు నడక కావలెను.

మరియొక మాట కలదు. దావీదు రాజు 80 ఏండ్ల బర్జిల్లయిని తనతోకూడ యెరూషలేమునకు రమ్మని పిలిచెను. నాకిప్పుడు భోజనపు రుచి తెలియదు, పాటలు వినబడవు, నా ఊరిలో నా తలిదండ్రుల సమాధియొద్దనే చనిపోనిమ్మని ఆ వృద్ధుడు వేడుకొనెను. రాజు నొచ్చుకొనలేదు, బలవంతపెట్టలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి పంపెను.

మన తల్లి "నాకెందుకురా" అన్నప్పుడు దాని భావము రెండు విధములుగా నుండవచ్చును. బిడ్డ అప్పులపాలగునను భయముతో అనవచ్చును. నిజముగానే ఇష్టము లేక అనవచ్చును. ఏదియో తెలిసికొనుటకు టెలిఫోనులో రెండు నిమిషములు చాలవు. ఆమె ప్రక్కన మంచముమీద కూర్చుండవలెను. ఆమె కంటికి శస్త్రచికిత్స నిలిచియుండగా, ఆ డబ్బుతో విమానమెక్కించుటయు ధర్మము కాదు. దేవునికి అర్పించితిమని చెప్పి తలిదండ్రుల అక్కర తీర్చనివారిని ప్రభువు గద్దించెను గదా!

కాబట్టి యౌవనులారా, టిక్కెట్టు కొనకమునుపు తలిదండ్రులను అడుగుడి. వత్తుమనినయెడల వారి కాళ్లను బట్టి దారి ఏర్పరచుడి. రామనినయెడల ఆ మాటను గౌరవించి, పొరుగూరిలోనున్న ఆమె తోబుట్టువు ఇంటికైనను ఒకనాడు తోడుకొనిపొండి. ఆ ప్రయాణము దేవుని దృష్టికి చిన్నది కాదు.