పక్క సీటులో కూర్చునే మనిషి

అల్లుడూ,

సెకండ్ హ్యాండ్ పోర్షే కేమన్ కొన్నావనీ, దాంతో తారు రోడ్డు ర్యాలీల్లో దిగుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "వాణ్ణి ఎలాగైనా మాన్పించు తమ్ముడూ" అని గట్టిగా అడిగింది. మాన్పించను. ఆ ఆట అంటే నాకూ ప్రాణమే. ఆస్ట్రేలియా దీవి టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో ఉన్న రోజుల్లో అక్కడి ర్యాలీ టార్గా టాస్మేనియా వచ్చిందంటే, రోడ్లు మూసి కాపలా కాసే వాలంటీర్లలో నేనూ ఒకణ్ణి. జార్జ్ టౌన్ వీధుల్లో ఊరు ఊరంతా కంచెల వెంట నిలబడి కార్ల కోసం ఎదురుచూడటం కళ్ళారా చూశాను. ఆ చనువుతోనే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

సిసిలీ కొండల్లో 1906లో మొదలైన టార్గా ఫ్లోరియో కార్ల పందెం స్ఫూర్తితో 1992లో టాస్మేనియాలో ఈ పోటీ పెట్టారు. మామూలు జనం తిరిగే రోడ్లనే కాసేపు మూసి, ఒక్కో కారునూ విడివిడిగా వదిలి, గడియారంతో పోటీ పెట్టడం దీని పద్ధతి. మొదటి ఏడాది హోండా ఎన్ఎస్ఎక్స్ గెలిచింది. తర్వాత జిమ్ రిచర్డ్స్ పోర్షేల్లో ఎన్నోసార్లు గెలిచి ఆ దీవిలో ఇంటింటి పేరయ్యాడు. నీకు కేమన్ మీద మోజు పుట్టడంలో ఆయన చేయి కూడా ఉండే ఉంటుంది.

ఇక రెండో వైపు చెప్పాలి. బాథర్స్ట్ 1000 రేసును తొమ్మిదిసార్లు గెలిచిన పీటర్ బ్రాక్ 2006 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలో టార్గా వెస్ట్‌లో పాల్గొంటూ, కారు చెట్టును గుద్దుకుని చనిపోయాడు. ఆస్ట్రేలియాలో అంతకు మించిన డ్రైవరు ఎవరని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. 2021లో టాస్మేనియా పోటీ ముగ్గురిని బలి తీసుకుంది. వాళ్ళలో ఇద్దరు ఒకే కారులో ఉన్నారు. 2022లో మరొకరు పోయారు. దాంతో ఆ పోటీ ఆగిపోయింది. పోయిన నలుగురూ యాభై దాటినవాళ్ళే. కుర్రతనం, దుడుకుతనం అని సరిపెట్టుకోవడానికి లేదు. శాండౌన్ ట్రాక్‌లో మలుపు తప్పితే నీకు గడ్డి దొరుకుతుంది, టైర్ల గోడ దొరుకుతుంది. ర్యాలీ రోడ్డులో తెల్లగీత పక్కనే యూకలిప్టస్ మాను ఉంటుంది.

ఒకే కారులో ఇద్దరు అన్నాను చూడు, నా మనసు అక్కడే ఆగుతుంది. సర్క్యూట్‌లో నీ ప్రాణం నీ చేతిలో ఉంటుంది. ర్యాలీలో నీ ఎడమ పక్కన ఒక మనిషి తలవంచుకుని కాగితాలు చదువుతూ ఉంటాడు. స్టీరింగ్ అతని చేతిలో లేదు, బ్రేకు అతని కాలి కింద లేదు. రోడ్డును కూడా సగమే చూస్తాడు. నిన్ను నమ్మి కూర్చుంటాడు, అంతే. కారు కొనే ముందే ఆ మనిషి ఎవరో తేల్చుకోవాల్సింది. ఫర్వాలేదు, ఇప్పుడు తేల్చుకో. స్నేహితుడైతే చాలదు. నీ మొహం మీద "నెమ్మదించు" అనగలిగినవాడు కావాలి. అతను ఆ మాట అన్నాక నువ్వు వాదించకూడదు. ఎందుకన్నాడో స్టేజి, అంటే ఆ మూసిన రోడ్డు ముక్క, దాటాక అడుగు.

అతను చదివే ఆ కాగితాలే పేస్ నోట్స్, వాటిని ఇద్దరూ కలిసి రాసుకోండి. పోటీకి ముందు రోడ్డు చూసుకునే రెక్కీలో మామూలు వేగంతో వెళ్తూ ప్రతి మలుపుకీ అంకె వేసుకోవాలి. మలుపు ఎక్కడ బిగుసుకుంటుందో, మిట్ట అవతల రోడ్డు ఏ వైపు తిరుగుతుందో రాసుకోవాలి. ఇంకొకరు రాసిన నోట్స్ కొనుక్కున్నా సరే, మీ కళ్ళతో చూసి దిద్దుకోందే వాడొద్దు. చదివేవాడు వరుస తప్పాడంటే ఆ క్షణమే యాక్సిలరేటర్ వదిలెయ్. "ఈ రోడ్డు నాకు గుర్తుంది" అనుకోవడం కన్నా ప్రమాదం ఈ ఆటలో లేదు.

ఒక కోరిక కోరతాను. నువ్వు డ్రైవరుగా దిగే ముందు కనీసం ఒక ర్యాలీలో ఇంకొకరికి కో-డ్రైవరుగా కూర్చో. ఎడమ సీటులోంచి చూస్తే వేగం వేరే రకంగా అర్థమవుతుంది. తర్వాత నీ పక్కన కూర్చునే మనిషిని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

కారు సంగతి. ఇంజిన్ జోలికి పోకు, ఉన్న బలమే ఎక్కువ. డబ్బు బ్రేకుల మీద పెట్టు. కొండ దిగుతూ వరసగా బ్రేకు తొక్కితే మామూలు ఫ్లూయిడ్ మరుగుతుంది, పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతుంది. ట్రాక్ కోసం కారును కిందకు దించి స్ప్రింగులు బిగించే అలవాటు ర్యాలీలో పనికిరాదు. గతుకుల రోడ్డు మీద అలాంటి కారు ఎగిరెగిరి పడుతుంది, టైరు నేలను వదిలేస్తుంది. కాస్త ఎత్తు, కాస్త మెత్తదనం ఉంచుకో. రోల్ కేజ్ వేయించాక మాత్రం ఆ కారులో అమ్మను ఎక్కించుకుని కారమ్ డౌన్స్ గుడికి వెళ్ళొద్దు. హెల్మెట్ లేని తలకు ఆ ఇనుప గొట్టాలే ముప్పు. నీ మామూలు ఇన్సూరెన్స్ పోటీలో జరిగిన నష్టానికి రాదు. కారు పోయినా ఇల్లు గడుస్తుందనుకుంటేనే దిగు.

టాస్మేనియాలో పోటీ శరదృతువులో జరిగేది. వెల్డ్‌బరో కనుమలో చెట్ల నీడన మధ్యాహ్నం దాకా తారు తడిగానే ఉంటుంది, మీద రాలిన ఆకులు. వానల్లో మన మారేడుమిల్లి ఘాట్ ఎక్కినవాడివి, ఎండలోంచి నీడలోకి మలుపు తిరిగితే టైరు ఎలా జారుతుందో నీకు తెలుసు. ఏ రాష్ట్రంలో పోటీ చేసినా, నీడ కనపడిందంటే వేగం కొంత తగ్గించుకునే వెళ్ళు. దారిలో ఎవరి కారైనా పడిపోయి, వాళ్ళు "ఎస్ఓఎస్" బోర్డు చూపిస్తే ఆగాల్సిందే. గడియారం వైపు చూడకు.

తొందరేం లేదు. ఈ ఏడాది రాబ్ రాయ్ హిల్‌క్లైంబ్‌కి వెళ్ళు. మెల్‌బోర్న్ దగ్గరే, 1937 నుంచీ పేరున్న కొండ. వింటన్‌లో ట్రాక్ డేలు చెయ్. ఆ తర్వాత గడియారం లేని టూర్ విభాగంలో ఒకసారి తిరిగిరా. వేగానికి పరిమితి పెట్టిన విభాగమని చిన్నచూపు చూడకు. రోడ్డును చదవడం అక్కడే వస్తుంది. ఆ మీదట పోటీకి పేరు ఇవ్వు, ఎంట్రీ ఫీజు నేనే కడతాను.

కో-డ్రైవరు కుదిరాక అతన్ని వెంటబెట్టుకుని ఒక ఆదివారం భోజనానికి రా. అతని ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురా. వాళ్ళతో నువ్వే మాట్లాడాలి, నా ఎదుట.

మీ మావయ్య