పుచ్చుకోవడం

ఇవ్వడం గొప్పా, పుచ్చుకోవడం గొప్పా అని అడిగితే మనందరం తడుముకోకుండా ఒకే జవాబు చెబుతాం. 2023 నవంబరు దాకా నేనూ అదే చెప్పేవాణ్ణి. ఆ నెలలో ప్రాజెక్టు పనిమీద అమెరికా నుంచి ఒసాకా వెళ్ళాను. పని ముగిశాక ఐదు రోజులు మిగిలితే, బస్సెక్కి షికోకు ద్వీపానికి వెళ్ళాను.

షికోకు చుట్టూ 88 బౌద్ధాలయాలు, సుమారు 1200 కిలోమీటర్ల దారి. క్రీ.శ. 774లో ఈ ద్వీపంలోనే పుట్టిన కూకై అనే సన్యాసి పేరుమీద సాగే యాత్ర ఇది. జనం ఆయన్ని కోబో దైషి అంటారు. ఆయన నెలకొల్పిన షింగోన్ శాఖ గురుపరంపరలో మన నాగార్జునాచార్యుడూ ఉన్నాడు. చిన్నప్పుడు లాంచీలో నాగార్జునకొండకి వెళ్ళొచ్చిన గుంటూరు జిల్లా వాణ్ణి కదా, అంత దూరాన ఆ పేరు వింటే చుట్టాలింటికి వచ్చినట్టనిపించింది. నా దగ్గర భక్తి తక్కువ, నడక మీద మోజు ఎక్కువ. మొదటి గుడి రియోజెన్‌జీ దగ్గర చేతికర్ర, వెదురు టోపీ కొనుక్కుని బయల్దేరాను. పన్నెండో గుడి దాకా మూడు రోజుల నడక. నాకున్న వ్యవధి అంతే.

రెండో రోజు ఒక పల్లెలో, ఎనభై దాటిన ఒకావిడ ఇంటి ముందు నన్ను ఆపి, రెండు కమలాపళ్ళూ, కాగితంలో చుట్టిన నూరు యెన్ల నాణెమూ చేతిలో పెట్టబోయింది. నేను కంగారుగా వద్దన్నాను. ఆవిడ వినకపోతే, పర్సు తీసి వెయ్యి యెన్ల నోటు ఇవ్వబోయాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

వెనక వస్తున్న ఒక జపాన్ యాత్రికుడు నన్ను పక్కకి పిలిచి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. దీన్ని ‘ఒసెత్తై’ అంటారట. వద్దనకూడదట. ప్రతి యాత్రికుడి వెంటా కోబో దైషి నడుస్తుంటాడు కాబట్టి, ఇచ్చేది ఆయనకే చేరుతుందట. తీసుకుని, దణ్ణం పెట్టి, మన పేరు రాసిన చీటీ ఒకటి ఇవ్వాలి. అది వెల కాదు, గుర్తు. నేను తెల్లచీటీ మీద పేరూ ఊరూ రాసిచ్చాను. ఆవిడ రెండు చేతులా అందుకుని, నాకన్నా కిందకి వంగింది.

ఆ రాత్రి కాళ్ళ బొబ్బలకంటే ఆవిడ చిన్నబోయిన మొహమే ఎక్కువ బాధ పెట్టింది. ఎందుకంటే ఆ మొహాన్ని నేను అంతకుముందొకసారి చూశాను.

2001లో ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు నా టికెట్టు కోసం మా పెద్దమ్మ తన గాజులు కుదువబెట్టింది. ఉద్యోగం వచ్చాక, 2004లో ఇండియా వెళ్ళి, అసలూ వడ్డీ లెక్కగట్టి కవరులో పెట్టి ఇచ్చాను. ఎంత పెద్దమనిషిననుకున్నానో! ఆవిడ కవరు తీసుకుని, “వడ్డీ కూడా వేశావట్రా నాన్నా!” అంది. అంతే. పొగిడిందనుకుని పొంగిపోయాను.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు నోటుబుక్కులో రాసుకుంటాం. వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా చదివించాలిగా! అందులో తప్పేం లేదు. ఆ లెక్క రెండిళ్ళ మధ్య రాకపోకల్ని నిలబెడుతుంది. నేను చేసింది వేరు. నేను ఖాతా మూసేశాను. ‘ఇక నీకూ నాకూ చెల్లు’ అని చెప్పడానికి వడ్డీ కట్టాను.

దీనికి ఇంకో పక్కా ఉంది. చేసిన సాయాన్ని నలుగురిలో ఎత్తిపొడిచేవాళ్ళని మనందరం చూశాం. అలాంటివాళ్ళ బాకీ రూపాయితో సహా తీర్చి బయటపడటమే ఆత్మగౌరవం. షికోకు ముసలావిడతో ఆ భయం లేదు. ఆవిడ నన్ను మళ్ళీ చూడదు. కానీ మా పెద్దమ్మ మాత్రం ఎన్నడు ఎత్తిపొడిచింది? ఎత్తిపొడిచేవాళ్ళ మీది భయంతో, ఎత్తిపొడవనివాళ్ళని కూడా అప్పులవాళ్ళ వరసలో నిలబెట్టాను.

మూడో రోజు పన్నెండో గుడి షోసాన్‌జీకి కొండదారి, పదమూడు కిలోమీటర్లు. ఆ కొండ మీద ఏమోన్ సబురో కథ చెబుతారు. భిక్షకొచ్చిన సన్యాసిని తరిమి, భిక్షాపాత్ర పగలగొట్టిన ధనవంతుడు. ఎనిమిదిమంది బిడ్డల్నీ పోగొట్టుకున్నాక, ఆ సన్యాసే కోబో దైషి అని తెలుసుకుని, క్షమించమని అడగడానికి ద్వీపం చుట్టూ ఇరవై సార్లు తిరిగాడు. ఇరవయ్యొకటోసారి ఎదురుదిశలో నడిచి, ఇక్కడ కుప్పకూలినప్పుడు ఆయన కనిపించాడట. ఇవ్వనివాడి పాపానికి ఇంత కథ ఉంది. ప్రేమగా ఇస్తే వద్దన్నవాడికి ఏ కథా ఉన్నట్టు లేదు. మనం దాన్ని పాపంగా లెక్కవేయలేదు కాబోలు.

ఆఖరి రోజు కొతోహిరాలో కొంపిరా గుడికి 785 మెట్లెక్కాను. ఆ పేరు సంస్కృతంలో మొసలికున్న ‘కుంభీర’ నుంచి వచ్చింది. 1868లో ప్రభుత్వం బౌద్ధాన్నీ షింతోనీ విడదీసేదాకా ఇద్దరికీ ఉమ్మడి క్షేత్రం, ఇప్పుడు షింతో ఆలయం. పూర్వం ఇంత దూరం రాలేనివాళ్ళు తమ కుక్క మెడలో చిన్న సంచి కట్టి, అందులో డబ్బూ చిరునామా పెట్టి పంపేవారట. దారిలో ఎవరెవరో తిండి పెట్టి, చేయి మార్చుకుంటూ గుడి దాకా చేర్చి, మళ్ళీ ఇంటికి పంపేవారట. అక్కడ దాని కంచుబొమ్మ ఉంది. ఎంతమంది చేతి ముద్ద తిందో ఆ కుక్కకి లెక్క తెలీదు. నాకు తెలిసి ఏం ఒరిగింది?

అమెరికా తిరిగొచ్చాక పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఏటా ఆవకాయ పంపుతానంటుంది, ఏటా ‘ఇక్కడన్నీ దొరుకుతాయి, నీకెందుకు శ్రమ’ అంటాను. ఈసారి నేనే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కొత్తావకాయ పెట్టగానే పంపుతా. పార్సిలు డబ్బులు నేనే కట్టుకుంటా, తెలిసిందా?” అంది.

ఆ పార్సిలుకి ఎంతవుతుందో నాకు తెలుసు. అయినా, “అలాగే పెద్దమ్మా” అన్నాను.