రిబ్కా కడవ

తెలిసిన సంగతిని తెలియనట్టు నిలబడటం అబద్ధమవుతుందా? నీతిశాస్త్రం పుస్తకాలు దీనికి తేలిగ్గా జవాబు చెప్తాయి. నోరు మూసుకోవటం వేరు, బొంకటం వేరు అంటాయి. ఆ పుస్తకాలు రాసినోళ్లకు మండలాఫీసు ముందు కులం సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడే అవసరం ఎన్నడూ పడలేదు. నాకు పడ్డది. అందుకే ఈ ప్రశ్న నన్ను ముప్పై ఏండ్లకు పైగా వదల్లేదు.

1989లో విద్యానగర్‌ల ఒక హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. చరిత్ర పాఠంలో ఐరోపా పునరుజ్జీవనం వచ్చింది. ఫ్లారెన్స్, రోమ్ మనమెట్లాగూ పోలేం, ఇటలీ పనితనం ఇక్కడనే చూపిస్తమని కాలేజీవాళ్లు ఒక్కరోజు ప్రయాణం పెట్టిండ్రు. పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం చార్మినార్, పొద్దుగూకేలోపు గోల్కొండ. నల్లకుంట, కాచిగూడ, కోఠి, అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ ఎక్కేసరికే పదకొండు కావొచ్చింది. పన్నెండింటికి సంగీత గడియారంలోంచి బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొడ్తడు, అది తప్పొద్దన్నరు. మిగిలిన గదులన్నీ ఆ గంటలోపల. నడిచినం అనొద్దు, ఉరికినం.

ముసుగు రెబెక్కా ముందర మాత్రం సారు ఆగిండు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నది. పంతొమ్మిదో శతాబ్దపు బొమ్మే, పునరుజ్జీవన కాలంది కాదు. ఆ సంగతి సారు దాచలేదు, మైకెలాంజెలో పట్టిన రాయిని పట్టినోళ్ల వారసత్వమే ఇది అన్నడు. "చూడండి, చలువరాయిని నీటిల తడిసిన మల్లుగుడ్డ లెక్క చేసిండు. ముఖం కండ్లు ముక్కు అన్నీ ముసుగు కిందికెళ్లి కనబడ్తున్నయ్." నిజమే, కనబడ్డయ్. సారు మంచోడు. ఆయన గొంతులో ఆ రాయి మీద ప్రేమ ఉన్నది. నాలుగు నిమిషాలు. నలభై మందిమి ముసుగును చూసినం. ఆమె ఎవరని ఎవ్వరూ అడగలేదు.

నాకు తెలుసు. మా వాడలో ఆమె రెబెక్కా కాదు, రిబ్కా. ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయం. అబ్రహాము తన కొడుకు ఇస్సాకుకు పిల్లను చూసిరమ్మని దాసుణ్ణి పంపుతాడు. ఆ దాసుడు సాయంత్రంపూట ఊరి బయట బావికాడ నిలబడతాడు. రిబ్కా కడవ భుజాన పెట్టుకొని వస్తుంది. దాహమైతుందంటే ఆ తోవన పోయేవాడికి కడవ దించి నీళ్లు పోస్తుంది, ఆయన ఒంటెలకు కూడా తోడిపోస్తుంది. మా అమ్మ సదువుకోలేదు. సంఘంలో విని కథంతా నోటికి పట్టింది. రాత్రి ప్రార్థన అయినంక చెప్పేటప్పుడు పెండ్లి భాగం రెండు మాటల్లో ముగించేది, నీళ్ల భాగం దగ్గర కూచునేది. "పది ఒంటెలు బిడ్డా, పది! ఎన్ని కడవలు తోడిందో! నువ్వెవ్వడివి, ఏ కులపోనివి అని అడగలే." మా ఊరి బాయికాడ మావోళ్లు ఖాళీ బిందెతో ఎడంగా నిలబడి, పెద్దకులపామె దయతలిచి పైనుంచి పోసేదాకా ఎదురుచూసిన కాలం అమ్మ చూసింది. ఆ బాయిల నీళ్లు తోడే మోటకు తోలు తొండం కుట్టింది మా తాతలే. తోలు మాది, బాయి మాది కాదు.

అయినా ఆ బొమ్మ ముందు నేను నోరు తెరవలేదు. "సార్, ఈమె బావికాడ నీళ్లు పోసిన మనిషి" అంటే మరుక్షణం "నీకెట్ల తెలుసురా?" అనే ప్రశ్న వస్తది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువు కాని మనిషి షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు బయటనే. మన రాష్ట్రంలో మాల మాదిగలు ఏసును నమ్ముకుంటే బీసీ సీ గ్రూపు, ఒక్క శాతం. నా స్కాలర్‌షిప్, నా హాస్టల్ సీటు, నా పూట తిండి, అన్నీ ఒక కాయితం మీద ఉన్నయ్. ఆ కాయితం మీద నేను హిందూ మాదిగ.

దీన్ని పాపమనే పాస్టర్లను చూసిన, మోసమనే అధికారులనూ చూసిన. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. నిజం చెప్పాల్సిన బాధ్యత, అడిగేవాడు ఆ నిజాన్ని ఏం చేస్తాడన్న దాంతో కూడా ముడిపడి ఉంటుంది. రాజ్యం నా దేవుడి పేరడిగేది నా కులం పోయిందని రాసుకోవటానికి. ఊరు ఆ లెక్కను ఒప్పుకుంటుందా? 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లలో కమ్మ యువకులు బర్రెల కుడితి బొక్కెన కడుగుతుంటే అడ్డుపడ్డారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త మీదికి వాళ్లు పోతే, ఆమె తన బిందెనే ఎత్తింది. 17వ తేదీ పొద్దున వాడ మీద పడి ఆరుగురిని చంపారు. సువార్త అన్న పేరు ఏ గ్రంథంలోదో ఊళ్లో ఎవరికి తెలియదు? మతం మారింది కాబట్టి వీళ్లిక మాదిగలు కారని గొడ్డళ్లు పట్టినవాడు ఒక్కడైనా ఆగాడా? కులం పోయిందని కచ్చేరి రాస్తుంది, పోలేదని ఊరు నరుకుతుంది. ఈ రెండింటి నడుమ నా మౌనాన్ని అబద్ధమనటానికి నేనొప్పుకోను.

ఇంకో సంగతి. అట్లా ఉరుకుతూ చూడటం వల్ల బొమ్మలో ఏది పోతుంది? పనితనం పోదు, అది నాలుగు నిమిషాల్లో కూడా అందుతుంది. పోయేది కథ. ఉరకకపోయినా దాన్ని తీసేసేవాళ్లున్నారని తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్న. ఫ్రెంచి చిత్రకారుడు పూసాఁ 1648లో ఇదే బావి దృశ్యాన్ని గీశాడు. అందులో ఒంటెలు లేవు. 1668లో పారిస్ అకాడమీలో దీని మీద పెద్ద వాదం నడిచింది. గ్రంథంలో ఉన్న ఒంటెలను ఎందుకు తీసేశావని షాంపేన్ ఆక్షేపిస్తే, అటువంటి వికారమైనవి ఉంటే చూపు అసలు విషయం నుంచి తప్పిపోతుందని లెబ్రున్ సమర్థించాడు. దాహమైన జంతువు అందానికి అడ్డమట! పది ఒంటెలే మా అమ్మకు అసలు విషయం. రసజ్ఞత పేరుతో ఎవరిని చట్రంలోంచి బయటికి నెడుతున్నారో అడగకుండా "కళకు కులం లేదు" అనే మాట నేననలేను.

అట్లని ఆ నవాబు సొమ్ము మనకెందుకు, అదంతా దోపిడీ అనే మా ఉద్యమ మిత్రులతోనూ నేను పోను. సాలార్‌జంగ్ ఎస్టేటు ఒక జాగీరు, జాగీర్లు 1949లో రద్దయినయ్. రైతుల శిస్తు, వెట్టి చెమట ఆ రాతిలో ఎంత కలిసిందో లెక్కగట్టే పని మిగిలే ఉన్నది. లెక్క తేలేదాకా గది బయట నిలబడాలా? బయట నిలబడటం మాకు కొత్త కాదు, అందుకే అది పోరాటంలాగా నాకు కనబడదు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతి సంపద చేసింది. జాతిలో మేమున్నం.

మన గ్రంథం, మన కథ అని ఊరుకోవటానికీ లేదు. అదే అధ్యాయంలో, దాసుడు బయలుదేరకముందే, అబ్రహాము ఒట్టు పెట్టించుకుంటాడు. మేముంటున్న కనాను దేశపు పిల్లలు వద్దు, నా బంధువుల్లోంచే కోడల్ని తేవాలి అని. నీళ్లు ఎవరికైనా పోయొచ్చు, పిల్లను మాత్రం లోపలినుంచే తెచ్చుకోవాలి. ఈ మాట ఎక్కడ విన్నామో మనకు తెలుసు. సహపంక్తి భోజనాలతో కులం కూలదు, కులాంతర వివాహాలే దానికి మందు అని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాసింది ఈ తేడా గురించే. రిబ్కా ముసుగు వేసుకున్నది నీళ్లు పోసిన ఘడియలో కాదు, దూరాన ఇస్సాకును చూసి, మొగడు కాబోయేవాడు అతనే అని తెలిసినంక. బెంజోని రాతిలో నిలబెట్టింది ఆ ఘడియనే. నలభై మందిమి నోరు తెరిచి చూసింది బంధువుల్లోంచి తెచ్చుకున్న కోడలి ముసుగును.

డిగ్రీ అయినంక ఒకసారి ఊరికి పోయినప్పుడు ఆ మూడో వచనం అమ్మకు చదివి వినిపించిన. చాలాసేపు ఏం మాట్లాడలే. చాటల బియ్యం ఏరుతూనే ఉంది.

"గది పెద్దాయన మాట" అన్నది ఆఖరుకు. "ఆ బొమ్మ చేతిల కడవ ఉన్నదా?"

లేదన్న. చేతులల్ల గుడ్డ అంచే ఉన్నదన్న.

"మరి రిబ్కా అని ఎట్ల గుర్తుపట్టినవ్ రా?"

కింద రాసి ఉన్నదమ్మా అన్న.