కొండ ఎక్కనిద్దామా?

పై చదువులకు వెళ్లిన అమ్మాయి సెలవుల్లో కొండలెక్కుతానంటే మనము ముందుగా అడిగేది, "పుస్తకాలు వదలి ఈ పిచ్చి ఎందుకమ్మా?" అనే. ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది.

అమెరికాలో ఆర్లిన్ బ్లమ్ అనే యువతి రసాయన శాస్త్రములో పరిశోధన చేస్తూ కొండలెక్కేది. అలాస్కాలోని డెనాలికి వెళ్లే ఒక బృందమును అడిగితే, ఆడవారు క్రింది మకాము వరకే రావచ్చును, వంటకు సాయపడవచ్చును అన్నారట. (వంట వచ్చినవారికి కొండ ఎక్కడం రాదని ఎవరు చెప్పారో!) 1970లో ఆరుగురు స్త్రీలే కలిసి 20,310 అడుగుల ఆ శిఖరము చేరారు. దిగేటప్పుడు నాయకురాలు పడిపోయింది. ఆమె స్వయంగా వైద్యురాలు. ఉప నాయకురాలైన ఆర్లిన్ మిగతావారితో కలిసి ఆమెను క్షేమంగా క్రిందికి తెచ్చింది.

ఇంతవరకు మెచ్చుకోవడం సులువే. 1978లో ఆర్లిన్ నాయకత్వాన స్త్రీల బృందము నేపాలులోని అన్నపూర్ణకు వెళ్లింది. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు షెర్పాలు శిఖరము చేరారు. వచ్చిన పని నెరవేరినట్టే. అయినను మరి ఇద్దరు స్త్రీలు తామూ ఎక్కుతామని బయలుదేరారు. వారు తిరిగి రాలేదు.

నాయకురాలు వారిని ఆపవలసిందా? చాలాసేపు మాలో మేమే వాదించుకున్నాము. పెద్దవారు, అనుభవజ్ఞులు, తెలిసే వెళ్లారు గనుక ఆమెను తప్పుపట్టలేము. అయితే ప్రాణము మనదే అయినా, ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి అందులో వంతు లేదని మాత్రం మేము ఒప్పుకోము.

ఈసారి అమ్మాయి ఫోను చేస్తే పుస్తకాల సంగతి తరువాత అడుగుదాము. నీతో ఎవరు వస్తున్నారు, వెనక్కి తిరుగుదామని మీలో ఎవరు అనగలరు అని ముందు అడుగుదాము.